గడప బయట బూటు, గడప లోపల కాలు

ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు కాబట్టి నేనే రాస్తున్నాను. షుగర్ ఉన్నవాళ్ళ కాలిపుండ్ల మీద తిరుపతిలో ఒక ఆసుపత్రి స్టడీ చేసింది. అది ముగిసిన రోజు పేపర్లో ఫోటో వచ్చింది. డాక్టర్లు వరసగా నిలబడ్డారు, అందరి భుజాల మీదా శాలువాలు ఉన్నాయి. కింద వార్తలో మా గురించి "రోగుల సహకారంతో" అన్న ముక్క తప్ప ఇంకేమీ లేదు. ఆ సహకారం ఎవరి కాళ్ళతో జరిగిందో రాయలేదు. ఆ కాళ్ళలో ఒకటి నాది. ఆ పేపరుకు ఉత్తరం రాస్తే వేయలేదు. ఈ పత్రికకు కూడా ఇది రెండోసారి పంపడం. మొదటిది అందిందని ఒక ముక్క చెప్పినవారు లేరు. సరే, ఓపిక నాకుంది. మొదటి నుంచి చెబుతాను.

మాది బంగారుపాళ్యం పక్కన పల్లె. తోతాపురి మామిడి తోట ఉంది. ఆ రోజు కాయల లోడుతో గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ల వరసలో పొద్దుటి నుంచీ ఉన్నాను. గేటు దగ్గరి సూపర్‌వైజరు మా వెనక వచ్చిన బండిని ముందు లోపలికి పంపాడు. అదేమని అడుగుతూ, గేటుకూ బండికీ మధ్య సాయంత్రం దాకా తిరిగాను. ఇంటికొచ్చి చెప్పులు గడప దగ్గర విడిచి లోపలికి నడిచాను.

"కదలద్దు, ఆడే నిలబడు," అంది నా భార్య కస్తూరి. "యాడ తొక్కినావు? గచ్చంతా నెత్తురు ఉండాది."

వెనక్కి తిరిగి చూస్తే గడప నుంచి నా కాలి దాకా ఎర్రటి అచ్చులు. చెప్పు తిరగేసి చూశాం. అడుగున ఒక మేకు దిగి, పైకి మొన తేలి ఉంది. పొద్దుటి నుంచీ దాని మీదే నడిచాను. బొటనవేలి మొదట్లో, అరికాలి ఉబ్బు మీద గుచ్చుకుంది. నాకు నొప్పి తెలియలేదు. నా శరీరం గట్టిదని ఇంటికొచ్చిన వాళ్ళకు గొప్పగా చెప్పుకున్నాను కూడా. నొప్పి లేకపోవడమే జబ్బని అప్పటికి నాకు ఎవరూ చెప్పలేదు. షుగర్ మాత్రలు మాత్రం ఏళ్ళుగా మింగుతున్నాను.

ఊళ్ళో ఆర్‌ఎంపీ పొడి చల్లి కట్టు కట్టాడు. పుండు తగ్గలేదు. చిత్తూరులో ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన షుగర్ రిపోర్టు చూశాడు, ఫోను చూశాడు. కాలు చూపించమంటారా అని నేనే అడిగాను. "షుగర్ తగ్గితే అదే మానుతుంది," అన్నాడు. నా కాలు బల్ల కిందే ఉండిపోయింది. ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. నా కాలు ఆయనకు గుర్తుండే అవకాశమే లేదు.

ఇంకో చోట ఒక సర్జన్, నాతో వచ్చిన మా బామ్మర్ది చంద్రను పక్కకు పిలిచి, "పేషెంటుకు చెప్పకండి, వేలు తీసేయాల్సి రావచ్చు," అన్నాడు. పక్క అంటే ఎంతో దూరం కాదు, నా కుర్చీ వెనక. నా చెవులకు ఇంకా షుగర్ రాలేదని చెప్పి లేచి వచ్చేశాను.

అలా తిరుపతి చేరాను. ఆ ఆసుపత్రి పేరు రాయను. పొగడాల్సిన చోట పొగిడి, అడగాల్సిన చోట గట్టిగా అడగాలంటే పేరు లేకపోవడమే మంచిది. అక్కడి ఫుట్ క్లినిక్‌లో డాక్టరమ్మ చిన్న స్టూలు మీద కూర్చుని, నా కాలు తన ఒళ్ళో పెట్టుకుంది. అప్పటిదాకా నా పాదాన్ని చేత్తో పట్టుకున్న డాక్టరు లేరు.

"కళ్ళు మూసుకోండి. పాదానికి ఏదైనా తగిలినట్టు అనిపిస్తే చెప్పండి," అంది.

మూసుకున్నాను. కాసేపు ఆగి, "మొదలుపెట్టండమ్మా," అన్నాను.

"అయిపోయిందప్పా," అంది.

కళ్ళు తెరిస్తే ఆమె చేతిలో నైలాన్ పోగు లాంటిది ఉంది. దానితో నా అరికాలంతా పొడిచి చూసిందట. ఒక్క చోట కూడా నేను పలకలేదు. న్యూరోపతీ అంది. కాలి నరాలు మొద్దుబారిపోయాయి. డాప్లర్‌లో రక్తం బాగానే పారుతోందని తేలింది. ఎక్స్‌రేలో ఎముకకు ఏమీ కాలేదు. చచ్చిన చర్మం కోసి తీసేశారు, దాన్ని డీబ్రైడ్‌మెంట్ అంటారు. నేను కళ్ళప్పగించి చూస్తూ కూర్చున్నాను, నొప్పి లేదు కదా.

"మందు తరవాత సంగతి. ముందు పుండు మీద మీ బరువు పడకూడదు," అంది డాక్టరమ్మ. "దాన్నే ఆఫ్‌లోడింగ్ అంటాం."

అప్పుడే స్టడీ మాట వచ్చింది. బరువు పడకుండా మోకాలి కింద నుంచి పిండికట్టు వేయడం పాత పద్ధతి. అది ఊడదు, మేలు చేస్తుందని తెలిసిందే, కానీ బరువు, చెమట, స్నానానికి కష్టం. ఇప్పుడు తేలికపాటి బూటు ఒకటి తయారైంది, విప్పి శుభ్రం చేసుకోవచ్చు. ఈ బూటు ఆ కట్టుకు సమానంగా పనిచేస్తుందా, లేదా? అది తేల్చడానికే స్టడీ. స్టడీ మనిషి లావణ్య, నగరి అమ్మాయి, తెలుగు కాగితం చదివి వినిపించింది. చేరకపోయినా వైద్యం ఆగదని, ఎప్పుడైనా మానుకోవచ్చని చెప్పింది.

"ఏం బావా, వాళ్ళకి ఎలకలు దొరకలేదంటనా?" అన్నాడు చంద్ర.

"ఎలకలు సంతకం పెట్టవు లేరా. అందుకే నన్ను పిలిచినారు," అని సంతకం పెట్టాను.

నాకు పిండికట్టు కావాలన్నాను. పాతది, నమ్మకమైనది. ఎవరికి ఏదో కంప్యూటరే చీటీ తీసినట్టు తేలుస్తుందట, నాకు బూటు రాసిందన్నారు. నా కాలికి ఏం కావాలో నన్ను కాదని కంప్యూటర్ చెప్పడమేమిటని అడిగాను.

"నేను ఎంచితే నాకు నచ్చినవాళ్ళకు నచ్చింది ఇస్తానప్పా," అంది డాక్టరమ్మ. "అందుకే మా చేతుల్లో పెట్టుకోలేదు."

ఆ మాట న్యాయంగా ఉంది. ఉన్నా పైకి ఒప్పుకోలేదు.

బూటుతో ఇంటికొచ్చాను. తోటకు పోవద్దు, ఇంటిపట్టునే ఉండండి అన్నారు. ఉన్నాను. పిలిచినప్పుడల్లా బస్సెక్కి తిరుపతి వెళ్ళాను. ఒక్క విజిట్ తప్పలేదు. మా ఇంట్లో పెళ్ళిచూపుల రోజు కూడా వెళ్ళాను. ప్రతిసారీ, "నడిచేటప్పుడు బూటు వేసుకుంటున్నారా?" అని అడిగేవారు. "వేసుకోకుండా అడుగు బయట పెట్టలేదు," అనేవాణ్ణి. అది నిజం. వాళ్ళు అవునని టిక్కు పెట్టుకునేవారు.

పుండు మాత్రం మానకపోగా లోతైంది. వాసన వచ్చింది. జ్వరం వచ్చింది. అడ్మిట్ చేసి, ఎముకకు పాకిందేమోనని ఎంఆర్ఐ తీసి, నరం ద్వారా యాంటీబయాటిక్ ఎక్కించారు.

"ఎముక అంచు దాకా వచ్చింది," అంది డాక్టరమ్మ. "ఇంకొన్నాళ్ళు చూద్దాం. తగ్గకపోతే బొటనవేలు గురించి మాట్లాడుకోవాలి."

ఈమె నా వెనక కాకుండా నా ముఖం చూసి చెప్పింది. దానికి మర్యాద ఇస్తాను. అయినా కడుపు మండింది. "మీ కంప్యూటరు నా వేలు తినేస్తా ఉండాది," అన్నాను. బొటనవేలు పోతే నేల మీద పట్టు పోతుంది. గట్ల మీద నడిచి బతికేవాడికి అది చిన్న వేలు కాదు. కస్తూరి ఆ వారమంతా నాతో పోట్లాడలేదు. దాంతో నాకు ఇంకా భయం వేసింది.

జ్వరం తగ్గి ఇంటికొచ్చాక లావణ్య మమ్మల్ని చూడడానికి ఊరికి వచ్చింది. రామ్మా కూర్చో అని నేనే లేచి కుర్చీ తెచ్చి వేశాను. ఆమె కూర్చోలేదు, గడప అవతలే నిలబడి కిందకు చూస్తోంది.

"అన్నా, బూటు యాడ?" అంది.

"నీ ముందరే ఉండాది కదా పాపా."

"బూటు గడప బయట ఉండాది. కాలు గడప లోపల ఉండాది. పుండు యాడుందన్నా?"

"ఇంట్లో నడకేముంది?" అన్నాను.

"ఏముందా?" లోపలి నుంచి కస్తూరి అందుకుంది. "పొద్దున లేస్తే పెరట్లోకి, ఆడ్నించి వంటింట్లోకి, కాపీ యాడని. మిద్దె మీదికి, మిరపకాయలు తిప్పినారా అని. తోటకి పోవద్దన్నారని ఇంటినే తోట చేసినాడు పాపా ఈ మనిషి."

అదీ సంగతి. బయటకు పోవడం మానేశాను, నడక మానలేదు. బయట బూటుతో వేసిన అడుగుల కన్నా ఇంట్లో వట్టికాలితో వేసినవే ఎక్కువ.

దీన్ని నా తప్పంటే నేను ఒప్పుకోను. కాగితంలో "నడిచేటప్పుడు ఎల్లప్పుడూ" అని ఉంది. ఈ సీమలో చెప్పు గడప దగ్గర ఆగుతుందని ఆ కాగితం రాసినవాళ్ళకు తెలియదా? వాళ్ళు వాళ్ళ ఇళ్ళలోకి బూట్లతోనే పోతారా? ఈ మాటే లావణ్యను అడిగాను. ఆమె నిజం చెప్పింది. "మా ఇంట్లోనూ బయటే విడుస్తామన్నా. నాకూ తట్టలేదు."

తెలిశాక కూడా చిక్కు విడలేదు. "పేడా బురదా తొక్కొచ్చిన దాంతో దేవుని గది ముందరనా?" అంది కస్తూరి. బూటు ఒంటికాలిది, స్టడీవాళ్ళు ఒకటే ఇచ్చారు. లోపలికి ఇంకొకటి కావాలని అక్కడే లావణ్యతో ఫోను చేయించి అడిగితే రూల్స్ ఒప్పుకోవన్నారు. మా అమ్మ మూల మంచం మీద వక్క నములుతూ అంతా విన్నది. మా తాత చెప్పులు వీధి చివరే విడిచి నడిచొచ్చేవాడని గొప్పగా చెప్పుకునే మనిషి ఆమె. ఆమె ఏమంటుందోనని అందరం చూశాం.

"నా చెయ్యి విరిగినప్పుడు పిండికట్టుతోనే దీపం పెట్టినా కదా," అంది. "దేవుడేమన్నా ఊడదీసి రమ్మన్న్యాడా? వానిదీ కట్టే. చెప్పు గాదు. రేయ్, ఏసుకోని లోపలికి రా."

ఆ పూట నుంచి గడప పక్కన ఒక చెంబులో పసుపు నీళ్ళు, ఒక గుడ్డ ఉండేవి. నేను బయటి నుంచి వస్తే కస్తూరి వంగి బూటు అడుగు తుడిచేది. తుడుస్తూ నన్ను తిట్టేది. దేవుని గది ముందు నుంచి టకటకమని నడిచాను. మొదటి రోజు ఒళ్ళు జలదరించింది, తరవాత అలవాటైంది.

పుండు అడుగు ఎర్రబడింది. "గ్రాన్యులేషన్ బాగుంది, కొత్త కండ పడుతోంది," అంది డాక్టరమ్మ. నాకు ఆ మాట పెళ్ళిమేళంలా వినిపించింది. మామిడి పూతకు రాకముందే దాని మీద కొత్త చర్మం కప్పింది. నా రెండు కాళ్ళకూ ఉండవలసిన వేళ్ళన్నీ ఉన్నాయి. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను.

ఇంకో గర్వం కూడా ఉంది. నా సంగతి తేలిన వెంటనే డాక్టరమ్మ గది ముందు కూర్చున్నాను. బూటు ఇచ్చిన ప్రతి ఒక్కరికీ ఫోను చేసి, బూటు గడప దాటుతోందా అని అడగాలన్నాను. చేశారు. నాలాంటివాళ్ళు చాలామందే తేలారు. ఆ తరవాత చేరినవాళ్ళకు ఇచ్చిన కాగితంలో "ఇంట్లో, వంటింట్లో, పూజగదిలో కూడా" అని కలిపారు. ఆ వాక్యం నాది. నా పేరు పెట్టమంటే రూల్స్ ఒప్పుకోవన్నారు. వాళ్ళ రూల్స్ నా విషయంలో దేనికీ ఒప్పుకోలేదు.

పైగా నా కాలి ఎదురుగా "ప్రోటోకాల్ డీవియేషన్" అని రాశారని లావణ్య నోరు జారింది. అంటే దారి తప్పినవాడినని. డాక్టరమ్మను అడిగాను.

"తప్పు చేశారని కాదప్పా. జరిగింది జరిగినట్టు రాయకపోతే స్టడీ అబద్ధమవుతుంది."

"రాయండి. ఎందుకు తప్పినానో అది కూడా రాయండి," అన్నాను.

రాస్తానంది. రాసిందో లేదో నాకు తెలియదు.

ఇప్పుడు నాకు మెత్తటి ఎంసీఆర్ చెప్పులు రెండు జతలు ఉన్నాయి, ఒకటి ఇంటికి, ఒకటి బయటికి. వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి తడుముతాను. సాయంత్రం కస్తూరి నా అరికాళ్ళు చూస్తుంది. మళ్ళీ తోట నేనే చూసుకుంటున్నాను.

పోయిన నెల చంద్ర వచ్చాడు. ఏర్పేడులో కాపురం, అతనికీ షుగరే. కుంటుతున్నాడు. మడమ కింద పుండు. "పిండికట్టు గానీ బూటు గానీ, ఏదో ఒకటి చెప్పమంటా ఉండారు బావా డాక్టర్లు. ఏది మేలు? నువ్వు ఆ స్టడీలో ఉన్నోడివి కదా," అన్నాడు. నాకు జవాబు తెలియదు. సంతకం పెట్టి, నెత్తురిచ్చి, ఒక్క విజిట్ తప్పకుండా తిరిగినవాణ్ణి, నా ఇంట్లో మనిషికి తెలియదని చెప్పాల్సి వచ్చింది. ఆ సర్జన్ నా వెనక మాట్లాడినప్పుడు కూడా నాకు అంత చిన్నతనం కలగలేదు.

చదివేవాళ్ళకు ఒక్క సలహా. షుగర్ ఉంటే వట్టికాలితో ఇంట్లో కూడా నడవకండి. డాక్టరు "నడిచేటప్పుడు" అంటే, ఎక్కడెక్కడ నడిచేటప్పుడని మీ ఇంటి గదులన్నీ పేరుపేరునా చెప్పి అడగండి. విసుక్కుంటే విసుక్కోనీయండి.

ఇక స్టడీ చేసినవారికి. నేను మూడు ఉత్తరాలు రాశాను. "పబ్లిష్ అయ్యాక తెలుస్తుంది" అని ఫోనులో ఎవరో అన్నారు. ఎక్కడ అవుతుంది, ఏ భాషలో అవుతుంది, బంగారుపాళ్యానికి ఎప్పుడు వస్తుంది? నా ఊరు మీకు తెలుసు, నా ఫోను మీ దగ్గర ఉంది, నా ఎముక లోపలి ఫోటో కూడా మీ దగ్గరే ఉంది. బూటు మేలా, కట్టు మేలా? నా కాలిని లెక్కలో ఉంచారా, పక్కన పెట్టారా? బూటు పనికిరాదని తేలినా నాకు బాధ లేదు, తేలిందని చెప్పండి. చంద్ర వచ్చే సోమవారం మీ క్లినిక్‌కే వస్తున్నాడు. అతని పక్కన నేనూ ఉంటాను. ఈసారి జవాబు వినే కదులుతాను.