సూడు కాదు

మా తోడికోడలు సత్య ఉడుమలైపేట దగ్గర నూలు మిల్లులో పని చేస్తుంది. ఆడవాళ్ళ మరుగుదొడ్డికి తాళం వేసి, తాళంచెవి సూపర్‌వైజరు జేబులో వేసుకు తిరిగే మిల్లు అది. అతన్ని అడగడానికి సిగ్గుపడి ఆడవాళ్ళు నీళ్ళే తాగరు, మూత్రం ఆపుకుని రోగం తెచ్చుకుంటారు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

తరతరాలుగా తమిళుల మధ్య ఉన్నా ఇంట్లో తెలుగు విడవని కుటుంబం మాది. ఈ ఒక్క రోగానికి మాత్రం తమిళ మాటే కావాలి. మూత్రం పోసేటప్పుడు మంట పుడితే అది ‘సూడు’, అంటే ఒంట్లో వేడి. ఆ మాట అనేస్తే చాలు, మూత్రం ఊసు ఎత్తనక్కర్లేదు, మన మర్యాద ఎక్కడికీ పోదు. మందూ సిద్ధమే. చుట్టూ కొబ్బరితోటలు పెట్టుకుని లేత కొబ్బరినీళ్ళకు కొదవేమిటి?

మొదటి కడుపప్పుడు సత్య మంటగా ఉందంటే మా అత్త వల్లియమ్మాళ్ కొబ్బరిబోండాం కొట్టి ఇచ్చింది. “అదంతా సూడే కన్నూ. తాగితే సరయ్యిపోతాది.” ఆస్పత్రిలోనూ సత్య సూడనే చెప్పింది. నీళ్ళు బాగా తాగమని వాళ్ళూ పంపేశారు. ఒక్క పరీక్ష చేస్తే వాళ్ళ సొమ్మేం పోయేది? ఏడో నెలలోనే నొప్పులు వచ్చాయి. మగబిడ్డ. మూత్రంలోని ఇన్ఫెక్షన్ గర్భానికి పాకి బిడ్డ రక్తంలోకీ చేరిందన్నారు. వాడు గాజుపెట్టెలోనే పోయాడు. పరామర్శకు వచ్చిన మహాతల్లులు మాత్రం, బొప్పాయి తిన్నావా అని సత్యనే నిలదీశారు.

రెండోసారి ఏడో నెలలో వళైకాప్పు పెట్టారు. కడుపుతో ఉన్న పిల్లకు గాజులు తొడిగే వేడుక. మళ్ళీ మంట మొదలైందని సత్య ముందురోజే చెప్పింది. వేడుక కానీ, తరువాత చూద్దామంది అత్త. రెండు చేతులూ నిండేదాకా పీట దిగకూడదు. ఒక చెయ్యి నిండగానే సత్య పొత్తికడుపు పట్టుకుని లేచింది.

“కూర్చో కన్నూ, ఇంకొక చెయ్యి ఉండాది,” అంది అత్త.

“నాకి మూత్రం మండుతాండాది అత్తా. కడుపు బిగుస్తాండాది. ఇది సూడు కాదు.”

వచ్చిన ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. గుమ్మంలో నిలబడ్డ సత్య మొగుడు వసంత్, “మెల్లిగా చెప్పు, మామావాళ్ళు ఉండారు,” అన్నాడు. వాడి చెంప వాయించాలనిపించింది నాకు.

“మెల్లిగా చెప్పే ఒక బిడ్డని పోగొట్టుకుంటిని,” అంది సత్య.

ఒక చేతి గాజులతోనే ఆమెను ఆటో ఎక్కించాను. ఈసారి ఆస్పత్రిలో ఉన్నదున్నట్టు చెప్పింది. పరీక్ష చేస్తే ఇన్ఫెక్షనే. మందులిచ్చి నొప్పులు ఆపారు. ఇంటికి వచ్చాక మిగిలిన మాత్రలు పూటపూటకీ అత్త చేతే ఇప్పించాను. నా కోపం అలాగన్నా తీరుతుందనుకున్నాను, తీరలేదు.

నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. వార్డు అదిరేలా ఏడ్చింది. అత్త మనవరాలిని ఒళ్ళో పెట్టుకుంది.

“ఆ మాత్రలు పోయిన తూరే ఇచ్చింటే వాడు ఉండునా?” అని సత్యను అడిగింది.

సత్య సర్దిచెబుతుందనుకున్నాను.

“ఉండును అత్తా,” అని, పాలివ్వడానికి బిడ్డను అందుకుంది.