నీళ్ల ట్యాంకు కాడ

మా మేనత్త ఎక్కడికి వెళ్లినా ముందు ఒక స్తంభాన్నో గోడనో అరచేత్తో తట్టి, "తప్పిపోతే గీడనే నిలబడాలె" అనేది. బస్టాండైనా, దవాఖానైనా అంతే.

ఆమె ఇద్దరు తమ్ముళ్లలో పెద్దవాడు మా నాన్న. చిన్నవాడు, ఇంటిల్లిపాదీ గోపాల్‌పేట నుంచి బొంబాయికి కూలిపనికి వెళ్లినప్పుడు స్టేషన్ రద్దీలో తప్పిపోయి, మళ్లీ దొరకలేదు. ఎక్కడ నిలబడాలో ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పలేదు.

వనపర్తిలో ఇల్లు మారినప్పుడు నేను ఆపదకు పనికొచ్చేవన్నీ ఒక సంచిలో సర్దాను: టార్చి, మందులు, తాడు, ఇంటి కాగితాలు. అత్త చూసి, "సంచి మంచిగ కట్టినవ్ బిడ్డా. మరి మనుషులను ఏడ కడుతవ్?" అని నవ్వింది. వీధి చివర మిట్ట మీదున్న నీళ్ల ట్యాంకు దగ్గరికి అందరినీ తీసుకెళ్లి, దాని స్తంభాన్ని తట్టించింది.

"మేమేమన్న చిన్నపిల్లలమా అత్తా?" అని చెల్లెలు వెక్కిరిస్తూనే తట్టింది.

ఆ వానాకాలం ఒక మధ్యాహ్నం చెరువు అలుగు పారి కాలనీ మునిగింది. ఫోన్లు పనిచేయలేదు. నేను ఆఫీసు నుంచి నేరుగా ట్యాంకు దగ్గరికి పరుగెత్తాను. సంచితో అత్త అక్కడే ఉంది. తర్వాత అమ్మానాన్నలు వచ్చారు. చివరికి చెల్లెలు నడుము దాకా తడిసి వచ్చింది. అత్త దాన్ని గట్టిగా పట్టుకుంది.

"అందరం ఒచ్చినం గద అత్తా. బడి కాడ అన్నం పెడుతున్నరంట, పోదాం పా" అన్నాను.

ఆమె స్తంభం మీది చేయి తీయలేదు. రోడ్డు వైపే చూస్తూ, "మీరు నడువుండ్రి. నేను జరసేపు ఉండి వస్త" అంది.

నాన్న వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాడు.