ఎప్పుడో పోయింది, వదినా

ఏ వస్తువు ఎవరి చేతిలో చెడిపోయినా "ఇది ఎప్పుడో పోయింది" అనడం ఒక్కటే ఆ మరిదికి వచ్చిన విద్య. గడియారాలూ రేడియోలూ బాగుచేసే కొట్టు పెట్టుకున్న మనిషికి అంతకన్నా అపశకునపు నోరు ఉండకూడదు. వీధిలో అందరూ అసలు పేరు మరిచిపోయి ఎప్పుడోగారు అని పిలిచేవారు. ఆయన సిగ్గు లేకుండా పలికేవాడు.

ఒకసారి టైలరు కొత్త రేడియోని నీళ్ల బకెట్లో జారవిడిచి, ఏడుపు మొహంతో పట్టుకొచ్చాడు. ఎప్పుడోగారు దాన్ని బోర్లించి నీళ్లు వంచి, చెవి దగ్గర పెట్టుకుని, దగ్గరి చుట్టం పోయినట్టు తల పంకించాడు. "నీళ్లలో పడి పోలేదయ్యా. ఎప్పుడో పోయింది. బతుకు మీద విరక్తి పుట్టి అదే దూకింది," అన్నాడు. ఇంకొకావిడ మిక్సీలో చెంచా మరిచిపోయి తిప్పేసింది. చెంచాని చూసేనాటికే ఆ బ్లేడుకి నూకలు చెల్లాయని ఆవిణ్ణి సాగనంపాడు.

ఈ మాట వింటే వదినకి ఒళ్లు మండేది. ఆవిడ పద్ధతి వేరు. గ్లాసు పగిలిన చప్పుడైతే, ముక్కలు ఏరకముందే పగలగొట్టిందెవరో తేలాలి. తేలకపోతే ఆ పూట కూరలో ఉప్పు పడదు. బడికి వెళ్లింది నాలుగు రోజులే గానీ, దోషిని పట్టుకోవడంలో జడ్జీలు వచ్చి ఆవిడ దగ్గర కూర్చుని నేర్చుకోవాలి.

అలాంటి ఇంట్లో నవ్వులు అడుగంటి చాలాకాలమైంది. వదిన మొగుడికి, అంటే ఎప్పుడోగారి అన్నగారికి, పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ముందుగదిలో మంచం, మూసిన కిటికీ, మందుల వాసన, బయట తెరిపివ్వని వాన. కళ్లు కాక ఒంట్లో ఆడేది కుడిచేతి చూపుడువేలు ఒక్కటే. ఆ వేలి కోసం కోడలు ఒక చిన్న యంత్రం తయారుచేసింది. అగ్గిపెట్టెంత బోర్డు, దాని మీద చిప్పు, పక్కన ఒక మీట, కరెంటుకి గోడ ప్లగ్గు నుంచి ఒక వైరు. మీట నొక్కితే వంటింట్లో గంట మోగేది. ఆ గంటే ఆయన గొంతు.

ఇప్పుడు ఆ వేలు కూడా నీరసించింది. నొక్కుతున్నాననుకుంటాడు, గంట మోగదు. దాహమైనా దోమ కుట్టినా అలా చూస్తూ పడుకోవాల్సిందే. ఎంత మెల్లగా తాకితే మోగాలన్నది చిప్పులోని ప్రోగ్రాంలో ఉంటుందనీ, అది మారిస్తే చాలనీ చెప్పి, కోడలు బోర్డుని అదే వైరుతో కంప్యూటరుకి తగిలించింది.

బోర్డు మీద దీపం వెలిగింది. కంప్యూటరు మాత్రం తనకేమీ తగిలించనట్టే ఊరుకుంది. కోడలు వైరు పీకి మళ్లీ పెట్టింది, ఇంకో కన్నంలో పెట్టింది, కంప్యూటరుని ఆపి మళ్లీ వేసింది, బోర్డు మీది బుల్లి బొత్తాం నొక్కి పట్టుకుంది. మాటల్లేని తోడికోడళ్లలా రెండూ పక్కపక్కనే కూర్చున్నాయి గానీ పలకరించుకోలేదు.

వదిన కోర్టు తెరిచింది. మొన్న తడిగుడ్డతో తుడిచిందెవరు, పోయినసారి ఏదేదో మార్చిందెవరు అని పొద్దుటినుంచీ విచారణ. తనే పాడుచేశానని కోడలికీ నమ్మకం కుదిరిపోయింది. మంచం మీద ఆయన ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూస్తున్నాడు. చివరికి ఎప్పుడోగారికి కబురు వెళ్లింది.

ఆయన గొడుగు నీళ్లు కార్చుకుంటూ వచ్చి, బోర్డు వైపు చూసి, చావింటికి వచ్చినట్టు నిట్టూర్చి నోరు తెరిచాడు.

"ఆ మాట ఇవాళ నా గుమ్మంలో అన్నావంటే ఊరుకోను," అంది వదిన.

ఆయన మాట మింగేశాడు. కంప్యూటరు నుంచి బోర్డు దాకా వైరుని వేలితో తడుముకుంటూ వెళ్లాడు. పొడుగాటి వైరు, నిగనిగలాడుతోంది. మధ్యలో ఒకసారి ఆగి, వదిన వైపు చూడబోయి, చూడలేదు. సంచీలోంచి తన మాసిపోయిన పొట్టి వైరు తీసి తగిలించాడు. కంప్యూటరు టంగుమంది. తెర మీద బోర్డు ప్రత్యక్షమైంది.

కోడలు కళ్లు తుడుచుకుని ప్రోగ్రాం మార్చి, యంత్రాన్ని ఆ పొట్టి వైరుతోనే మళ్లీ మామగారి వేలి కిందికి చేర్చింది. ఆ తర్వాత, వైరుకేమైందని అడిగింది.

"ఎప్పుడో పోయింది. పారెయ్యి."

కోడలు పారెయ్యలేదు. కత్తెరతో కత్తిరించి చూసింది. "చిన్నమావయ్యా, ఇది పోలేదు. లోపల నాలుగు తీగలుండాలి. కరెంటుకి రెండు, మాటలకి రెండు. దీనికి కరెంటు తీగలే ఉన్నాయి. ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకునే చవక వైరు. తిండి తింటుంది గానీ మాట్లాడలేదు. ఎవరు తెచ్చారు దీన్ని?"



"నేనే తెచ్చి ఉంటాను," అన్నాడు ఎప్పుడోగారు. "ఎప్పుడో."

వదినకి చెంపలు కాలాయి. పాత వైరు పొట్టిదై మొగుడి చేతిని లాగేస్తోందని, బజారంతా తిరిగి, నిగనిగ చూసి ఏరి తెచ్చింది తనే. ఆ వైరుతోనూ మొదట్లో గంట మామూలుగానే మోగుతుంటే లోపల ఏముందో ఎవరికి తెలుస్తుంది? అయినా పొద్దుటినుంచీ ఆ పిల్లని నిలబెట్టి అడిగింది తన నోరే.

"అతను కాదు. నేను కొన్నాను," అంది. "పోయిన వారమే."

ఎప్పుడోగారు కంగారుపడ్డాడు. వైరుని ఇటూ అటూ తిప్పి చూశాడు. "అయితే కొట్లోనే పోయి ఉంటుంది, వదినా."

మొగుడికి పక్షవాతం వచ్చిన రోజు ఆసుపత్రి వరండా గుర్తొచ్చింది వదినకి. అటక మీది సామాను దించమని ఆయన్ని నిచ్చెన ఎక్కించింది నేనే, నేనే చంపుకున్నాను అని తల బాదుకుంటుంటే, అన్నయ్య నరం ఎప్పుడో పోయింది వదినా, నిచ్చెనదేం లేదు, నీదేం లేదు అన్నాడితను. ఎంత రాతిగుండె అని నెలల తరబడి గుమ్మం తొక్కనివ్వలేదు. ఇప్పుడు మాత్రం, కాఫీ తాగి వెళ్లు అంది.

వంటింట్లో గంట మోగింది.

ముగ్గురూ మంచం చుట్టూ మూగారు. నీళ్లా అని అడిగింది కోడలు. కాదని ఆయన రెప్పలు చెప్పాయి. దుప్పటా అంటే అదీ కాదు. నొప్పి కూడా కాదు. గంట మాత్రం ఆగకుండా మోగుతూనే ఉంది.

"మళ్లీ పాడైందేమో," అన్నాడు మరిది భయంగా.

వదిన మొగుడి కళ్లలోకి వంగి చూసింది. ఇన్నేళ్ల కాపురం చేసిన మనిషికి ఆమాత్రం తెలియదా.

"పాడవలేదు, ఊరుకోండి," అంది. "నవ్వుతున్నారు."