సున్నం గీతల ఇళ్ళలో ఒక పగలు

మొన్న నరసరావుపేట నుంచి వస్తూ బస్సు కిటికీలోంచి చూస్తే, నిరుడు పత్తి వేసిన చేలో ఎవరో ప్లాట్లు కొలిపించి సున్నంతో గీతలు పోయిస్తున్నారు. అలాంటి గీతలు కనబడితే చాలు, గుమ్మం ఎటువైపు ఉందా అని నా కళ్ళు వెతుకుతాయి. ఎందుకు నవ్వుతున్నానని పక్కసీటాయన అడిగాడు. చెప్పాలంటే మాచర్ల దాకా చెప్పుకుంటూ పోవాలి, ఆయన దిగేది గురజాలలో. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ఎనభైల నాటి సంగతి. మాచర్లలో నేనొక నాపరాళ్ళ డిపోలో గుమాస్తాని. బడి చదువు ఏడుతో ఆగిపోయినా, ఎంత వంకర బండకైనా చదరపు అడుగులు నోటితోనే కట్టేవాణ్ణి. మా పేట వాగు ఒడ్డున ఉండేది. క్వారీలో రాయి కొట్టేవాళ్ళూ, లారీల మీద పోయేవాళ్ళూ అక్కడ కాపురాలుండేవాళ్ళు. గట్టి వాన పడితే వాగు అడక్కుండానే ఇళ్ళలోకి వచ్చేది. చివరికి ప్రభుత్వం ఊరి పైన మెరక మీద స్థలం ఇచ్చింది. ఆ కాలనీకి ప్లాను గీయడానికి హైదరాబాదు నుంచి కాలేజీ పిల్లలు, వాళ్ళకు పాఠం చెప్పే మేడంగారు వచ్చారు. ప్లానింగు వాళ్ళొచ్చారనగానే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల కోసమేమోనని మొదటిరోజు సగంమంది ఆడవాళ్ళు తలుపులేసుకున్నారు. రెండో రోజుకి ఆవిడ అందరికీ మేడమ్మ అయిపోయింది. టేపు రెండో కొస పట్టుకోవడానికి నన్ను రమ్మన్నారు. డిపో యజమాని సణుగుతూనే పంపించాడు.

ఎవరికి ఏ ప్లాటన్నది రెవెన్యూ ఆఫీసరుగారు చీటీలు తీయించి తేల్చారు. పాత పేటలో మా ఇంటి ఎదుట పక్కపక్కనే రెండు ఇళ్ళుండేవి. ఒకదాంట్లో కళ్ళకు పొరలు కమ్మిన అవ్వ, ఒంటరి మనిషి. రెండోదాంట్లో లారీ డ్రైవరు భార్య, నేను పిన్నీ అని పిలిచేవాణ్ణి. ఇద్దరూ పొద్దస్తమానం పోట్లాడుకునేవాళ్ళు. చీటీల్లో పిన్నికి రోడ్డు పక్క మూల ప్లాటు వచ్చింది. బాబాయి ఆ పూటే అక్కడ కిళ్ళీకొట్టు పెట్టేశాడు, నోటితో. అవ్వకు ఆఖరి వరుస చివర వచ్చింది.

గోడలు లేవకముందే మేడమ్మకు ఒక ఆలోచన వచ్చింది. ప్రతి ఇంటినీ అసలు కొలతతో నేల మీద సున్నంతో గీయించి, పేటంతా ఒక పగలు అక్కడికొచ్చి కాపురం చేయాలంది. పేటవాళ్ళు నవ్వుకుంటూనే చాపలూ కుండలూ మోసుకొచ్చారు. గంట తిరిగేసరికి నవ్వులు పోయాయి, ఇళ్ళు నిజమైపోయాయి. ఒక విద్యార్థి గీత దాటి అడ్డంగా నడిస్తే, "గుమ్మం అక్కడుంటే గోడలోంచి వస్తావేందయ్యా?" అని ఒకావిడ కసిరింది. ఆ అబ్బాయి వెనక్కి వెళ్ళి, లేని తలుపు తోసుకుని మళ్ళీ వచ్చాడు. ఇంకోచోట పక్కింటి చూరునీళ్ళు తన వాకిట్లో పడతాయని ఒకాయన మండుటెండలో తగువు పెట్టుకున్నాడు.

నేను ఆఖరి వరుసలో టేపు చుడుతున్నాను. అవ్వ తన గీతల మధ్య మూడు రాళ్ళు పెట్టుకుని, పేటలో రోజూ పిలిచినట్టే పిలిచింది. "ఏమే, నిప్పుందా?"

పిన్ని ఎక్కడో రోడ్డు పక్కనుంది. అవ్వ మళ్ళీ పిలిచింది. పక్కగీతల్లోకి కొత్తగా వచ్చినాయన మంచివాడే, అగ్గిపెట్టె తెచ్చి చేతిలో పెట్టబోయాడు.

"అగ్గిపెట్టె నాకాడా ఉందిలేయ్యా," అంది అవ్వ.

"మరి నిప్పెందుకు అడుగుతున్నావ్?"

అవ్వ పొయ్యిరాళ్ళు సర్దుకుంటూ కూర్చుంది. మేడమ్మ గుమ్మంలోంచే లోపలికి వచ్చి, గొడుగు మూసి, ఎదురుగా కూర్చుని మెల్లగా అదే అడిగింది.

"నిప్పుకేముందమ్మా. పొద్దున్నే అది తిట్టుకుంటా ఒకసారి గుమ్మంలోకి వస్తే, నేను లేచానని దానికి తెలుస్తది. లేవని రోజుకూడా తెలుస్తది. ఇంతదూరంలో పడితే ఎవరికి తెలుస్తదమ్మా?"

మేడమ్మ తిన్నగా ఆఫీసరుగారి దగ్గరికి వెళ్ళింది. అందరి ముందూ తీసిన చీటీలు, ఒకరికి మారిస్తే అందరూ అడుగుతారన్నారాయన. అడగనివ్వండి అంది ఆవిడ. చాలాసేపు వాదులాడుకున్నాక, ఏ ఇద్దరికి ఇష్టమైతే వాళ్ళు పొద్దుగూకేలోగా మార్చుకోవచ్చని ఆఫీసరుగారు ఒప్పుకున్నారు. ఇక ఆ మెరకంతా సంతైపోయింది. అప్పచెల్లెళ్ళు ఒకచోటికి చేరారు, తోడికోడళ్ళు దూరం జరిగారు. విద్యార్థులు పేర్లు చెరిపి మళ్ళీ రాసుకుంటూ తిరిగారు.

అవ్వ పక్కనున్నాయన మూల ప్లాటుకు సంతోషంగా సిద్ధపడ్డాడు. బాబాయి ససేమిరా అన్నాడు. "రోడ్డు మీది కొట్టు పోగొట్టుకుంటామా? ఆవిడ మనకేమవుద్దని?" పిన్ని మూలగీతల్లో మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని కూర్చుంది. నిజంగానే అది మంచి స్థలం, బస్సులు ఆగే చోటు. పొద్దు వాలుతుంటే లేచి, చాప చుట్టి చంకన పెట్టుకుని ఆఖరి వరుస దాకా నడిచి వచ్చింది.

"అత్తా, సర్దుకో. నీ పక్కకే వస్తన్నా."

"కొట్టు పోయిందే నీకు," అంది అవ్వ.

"పోతే పోయింది. మూడుపూటలా తిట్టడానికి నాకు మాత్రం మనిషొద్దా?"

గోడలు లేచాక మొదటి వారంలోనే ఇద్దరికీ పెద్ద పోట్లాట అయింది. మూల ప్లాటాయన కొట్టు బాగా నడిచింది. ఆ దారిన పోయినప్పుడల్లా బాబాయి తల తిప్పుకునేవాడు. అవ్వ ఆ ఇంట్లో ఏడేళ్ళు బతికింది. ఆఖరి రోజు కూడా పొద్దున్నే, నీళ్ళు కాగకముందే పిన్నికి తెలిసిపోయింది. ఆ ఏడేళ్ళలో చీటీ ప్రకారం పిన్నికి దూరంగా పడి ఉంటే ఎన్నేళ్ళు తగ్గేవో అని నేను చాలాసార్లు లెక్కవేయబోయాను. గడిచిన కాలమైతే ఎంతైనా కూడగలను. గడవకుండా పోవలసిన కాలాన్ని కొలవడం ఇప్పటికీ నాకు చేతకాలేదు.