అత్తగారు కొనబోయే ఇల్లు

మేస్త్రీ ఇంటి పక్కిల్లు అమ్మకానికి వచ్చింది. పునాది కుంగలేదని అల్లుడు ఒక్క మాటంటే కొనేసి, కూతురి పక్కనే ఉండిపోతానన్నారు అతని అత్తగారు. ఆవిడ రెండు రోజులుంటేనే అతనికి తల వాచిపోయేది. పునాది కుంగి ఉండాలని మనసులోనే మొక్కుకున్నాడు.

హాల్లో గోళీ వదిలితే సరసరా మూలకు దొర్లింది. అతనికి ప్రాణం లేచి వచ్చింది.

“కుంగిందా అల్లుడూ?” అన్నారావిడ దిగులుగా.

“ఉండండత్తయ్యా” అని బయటికెళ్ళి, నీళ్ళ ట్యూబుతో పునాది నాలుగు మూలలా లెవెల్ చూశాడు. వెంట్రుకవాసి తేడా లేదు. గోడలకు పగుళ్ళూ లేవు. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది కానీ, మంచి పునాదికి చెడ్డపేరు తేవడానికి నోరు రాలేదు.

“పునాది రాయిలా ఉందత్తయ్యా. ఆ మూల టైల్సే ఎవడో వంకరగా వేశాడు.”

“అంతేనా! అయితే నువ్వే సరిచెయ్యి నాయనా. ఎలా చెయ్యాలో నేను పక్కనే కూర్చుని చెబుతాగా!”