చాట ఒళ్లో పెట్టుకున్న ఆడమనిషి బొమ్మ

రేపు పొద్దున నా మోకాలికి ఆపరేషన్. కరీంనగర్‌లోని ఈ ఆసుపత్రి గదిలోకి ఇందాక ఒక నర్సు పిల్ల పలకంత ఫోనొకటి పట్టుకొచ్చి, వెన్నులో మత్తుసూది ఇచ్చేటప్పుడు ఎట్లా కూర్చోవాలో రంగుల బొమ్మల్లో చూపించింది. గడ్డం ఛాతీకి ఆనించి, భుజాలు జారవిడిచి, దిండును కావలించుకుని, నడుము గుండ్రంగా వంచిన మనిషి. చక్కటి బొమ్మ. నిర్మల్ వైపు ఒక సర్కారు దవాఖానాలో నర్సుగా నా ఉద్యోగమంతా రోగులను అట్లా కూర్చోబెట్టడంతోనే గడిచిందని ఆ పిల్లకు చెప్పలేదు, చెబితే నా సోది వినాల్సి వస్తుందని పారిపోతుంది.

ఆ కాలపు దవాఖానాలు ఎరిగిన వాళ్లు మీలో ఉంటే నమ్ముతారు, మా దగ్గర వంగమంటే చాలు, ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు చేతులు జోడించి డాక్టరు కాళ్లు మొక్కబోయేవారు. ఆ వంగుడులో వీపు బల్లపరుపుగా ఉంటుంది, వెన్నుపూసల సందు తెరుచుకోదు, సూది ఎముకకు తగిలి ఆగిపోతుంది. మత్తు డాక్టరు గారు మంచి మనిషే గానీ, ఆ మొక్కులు పడలేక తల పట్టుకునేవారు. చివరికి నేనే పాత క్యాలెండరు వెనక, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే ఆడమనిషిని పక్క నుంచి గీసి, ఆపరేషన్ బల్లకు ఎదురుగా గోడకు అంటించాను. నాకు బొమ్మలు రావు, ఆ ముక్కు చూసి మా ఆయా చాలా రోజులు నవ్వింది. కానీ బీడీలు చుట్టడం చూడని మనిషి మా వైపు ఎవరున్నారు? అట్లా కూర్చోమంటే చాలు, నడుము దానంతటదే వంగేది.

ఒకసారి ఖానాపూర్ అవతలి పల్లె నుంచి తొలికాన్పు పిల్లను తెచ్చారు. కడుపులో బిడ్డ గుండె నెమ్మదిస్తోంది, డాక్టరమ్మ చేతులు కడుక్కుని కడుపు కోసి బిడ్డను తీయడానికి సిద్ధంగా ఉంది, ఈ పిల్లేమో భయంతో కర్రలా బిగుసుకుపోయింది. సూది దిగడం లేదు. నేను ఆమె ముందు నిలబడి గోడ మీది బొమ్మ చూపించాను. దాన్నే చూస్తూ, "మా అవ్వ గిట్లనే కూసుంటుండె" అంది. ఆ అవ్వ పోయి ఏడాది కూడా కాలేదని తర్వాత వాళ్ల అత్త చెప్పింది. పిల్ల నా భుజం మీద తల వాల్చి, నా నడుము చుట్టూ చేతులు వేసి, "నన్ను ఇడ్వకు అక్కా" అంటూ ఏడుపుతో ముడుచుకుపోయింది. సూది దిగింది. బిడ్డ కేరుమనేదాకా నేను ఆమె తలాపున చెయ్యి పట్టుకునే ఉన్నాను.

ఆ సాయంత్రం క్వార్టరుకు వచ్చి బట్టలు మార్చుకోబుద్ధి కాక చాలాసేపు అట్లాగే కూర్చున్నాను. నాకు పెళ్లి కాలేదు, అయినవాళ్లతో రాకపోకలూ తగ్గిపోయాయి. అయినా ఎవరో ఒకరు నా భుజం మీద తల పెట్టేవారు గనుక ఒంటరిదాన్నన్న సంగతి రిటైరయ్యేదాకా నాకు తెలియలేదు. తెలిశాక మాత్రం చాలా కష్టంగా ఉంది.

ఇందాక ఆ నర్సు పిల్ల వెళ్లబోతుంటే ఉండబట్టలేక, రేపు నా ముందర నిలబడి పట్టుకుంటావా బిడ్డా అని అడిగాను. "అవసరం లేదమ్మా, ఇప్పుడు ఆనుకోనికి స్టాండ్ ఉంటది, జర గూడ ఫికర్ చెయ్యకుండ్రి" అని నవ్వి పక్క గదికి పోయింది. నిజమే, స్టాండ్ కదలదు, అలసిపోదు, రోగికి అదే మేలు. మా కాలంలోనే అది వచ్చి ఉంటే, ఈ జన్మలో నన్ను కావలించుకున్న వాళ్లే ఉండేవారు కాదు.