వెర్లిన్ కారు కీచులు మానిన వైనం

వెర్లిన్ స్టోల్ట్ సూచనల కాగితం చదివి ఎరగడు. చదువు రాక కాదు. శనివారం పొద్దున్నే కార్ల బానెట్లు ఎత్తిపెట్టి, వాటి వెనక మడత కుర్చీల్లో కూర్చునే మా ఊరి మగవాళ్ళకు అదొక నియమం. కొత్త సామాను డబ్బాలోంచి ముందుగా తీసేది ఆ కాగితం, పారేసేదీ అదే. విప్పి చదివినవాడికి మరో శనివారం కుర్చీ వేసుకునే చోటుండదు. విడిభాగాల కొట్లో ఆరేళ్ళుగా కౌంటరు వెనక నిలబడి, వాళ్ళు పారేసినవన్నీ చదివేది నేను. అందుకే నా మాట ఎవరూ వినరు.

వెర్లిన్‌ది అరవై ఎనిమిది నాటి షెవర్లే. ఇంజను ముందు మూడు సన్నటి బెల్టులు, మూడూ కీచుమనేవి. పదకొండేళ్ళ కిందట అత్తగారి అంత్యక్రియలకు వెళ్తూ, దారిలో ఆగి, కీచు ఆగాలని బెల్టులకు సబ్బు రాసి, ఆలస్యం చేశాడు. పాస్టరు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టిన క్షణాన ఆ కారు పందిని కోస్తున్నట్టు అరుచుకుంటూ సమాధుల మధ్యకి వచ్చింది. పాస్టరుకే నవ్వు ఆగలేదు. వెర్లిన్ భార్య ఆర్డిత్ ప్రార్థన అయ్యాక నాలుగు మైళ్ళు నడిచి ఇల్లు చేరింది. మళ్ళీ ఆ కారెక్కలేదు.

ఈ ఏడు మొక్కజొన్న పండుగకు, ఏటా ఆ పండుగలో ఎన్నుకునే రాణుల్లో పాతవాళ్ళందరినీ కార్లలో ఊరేగించాలని కమిటీ తీర్మానించింది. ఆర్డిత్ నలభై ఏళ్ళ కిందటి మొక్కజొన్న రాణి. తన కార్లోనే తీసుకెళ్తానని వెర్లిన్ బతిమాలాడు.

"ఒక్కసారి కీచుమన్నా దిగిపోతాను. ఈసారి దిగితే ఇంటికి కూడా రాను," అంది ఆర్డిత్.

దాంతో మూడు బెల్టులూ పీకేసి, ఇప్పటి కార్లకుండే ఒకే ఒక్క వెడల్పాటి బెల్టు వేయాలనుకున్నాడు. పుల్లీలన్నిటి చుట్టూ పాములా మెలికలు తిరిగే రకం. సామాను కోసం నా కౌంటరుకే వచ్చాడు.

"పెద్దాయనా, ఇందులో నీళ్ళ పంపుని బెల్టు వీపు తిప్పుతుంది. అంటే పంపు ఉల్టా తిరుగుతుంది. మీ పాత పంపు పనికిరాదు, ఫ్యానూ పనికిరాదు," అన్నాను.

"ఒరే అబ్బాయ్, నువ్వు పుట్టకముందు నుంచి పంపులు బిగిస్తున్నాను. ఎటు తిరిగినా నీళ్ళు నీళ్ళేగా!"

ఊరేగింపు రోజు కొట్టు తరఫున జనానికి మిఠాయిలు విసరమని నన్ను ఆ కారు వెనక సీట్లో కూర్చోబెట్టారు. ముందు సీట్లో వెర్లిన్ పక్కన ఆర్డిత్ కూర్చుంది. కారు కదిలింది. చప్పుడు లేదు.

"విన్నావా?" అన్నాడు వెర్లిన్.

"ఏం వినాలి?" అంది ఆర్డిత్.

"అదే మరి!"

రెండో వీధి మలుపులో వేడి ముల్లు ఎర్రగీతకు చేరింది. వెర్లిన్ చప్పుడు చేయకుండా హీటరు పూర్తిగా తిప్పాడు. ఇంజను వేడిని కొంత కార్లోకి లాగే పాత ఉపాయం అది. ఆగస్టు మిట్టమధ్యాహ్నం.

"కాళ్ళకి వేడిగాలి కొడుతోందేం?"

"గాలాడాలని పెట్టాను."

"చెప్పులు కరుగుతున్నాయి, వెర్లిన్!"

"చెయ్యూపు, చెయ్యూపు. జనం చూస్తున్నారు."

నా ఒళ్ళో మిఠాయిలు ముద్దయ్యాయి. ఆ ముద్దలే విసిరాను. ఒకటి మేయరు టోపీకి అతుక్కుని ఊరేగింపు అయ్యేదాకా అక్కడే ఉంది. మా ముందు నడుస్తున్న బ్యాండులో వెనక వరసవాళ్ళు మాటిమాటికీ వెనక్కి చూస్తున్నారు. ఉల్టా తిరుగుతున్న ఫ్యాను రేడియేటరు వేడినంతా వాళ్ళ వీపుల మీదికి ఊదుతోంది. పెద్ద బాకావాడు పరుగు అందుకున్నాడు. వాడితోపాటు పాట కూడా.

విసురుకోవడానికి ఏదైనా దొరుకుతుందేమోనని ఆర్డిత్ డ్యాష్‌బోర్డు అర లాగింది. దాని తలుపు గలగలలాడకుండా వెర్లిన్ మడిచి దోపిన కాగితం చేతికొచ్చింది. విసురుకుంది. తర్వాత విప్పింది. జనానికి చెయ్యూపుతూ, చిరునవ్వు చెదరకుండా చదివింది.

"'పంపు ఉల్టా తిరుగుతుంది. పాత పంపు వాడితే ఇంజను మరిగిపోతుంది.' నువ్వేం పంపు వేశావు?"

"చదవకు, ఆర్డిత్. బజార్లో ఉన్నాం."

"లావుపాటి అక్షరాలు. చుట్టూ గీత కూడా గీశారు, పాపం."

ఊరేగింపుకి మార్కులేసే న్యాయనిర్ణేతల వేదిక ఎదురుగా కారు బుస్సుమంది. ఆవిరిలో మాకు వేదిక కనపడలేదు, వేదికకు మేం కనపడలేదు. ఇంజను ఆగిపోయింది. వెర్లిన్ స్టీరింగు వదలకుండా భార్య చెయ్యి ఎప్పుడు తలుపు పిడి మీదికి వెళ్తుందా అని చూస్తున్నాడు.

"కీచుమందా?" అంది ఆర్డిత్.

"లేదు."

"కీచుమంటే దిగుతానన్నాను. మరిగితే దిగుతానని అనలేదు."

ఆవిరిలోంచి చెయ్యూపింది. వెనక వస్తున్న మొక్కజొన్న ట్రాక్టరు ముందుకొచ్చి మాకు గొలుసు తగిలించి లాగింది. ఆ ఏటి ఊరేగింపులో అన్నిటికంటే ఎక్కువ చప్పట్లు ఆ లాగుడుకే పడ్డాయి. నేను ముందే చెప్పానని ఎవరికీ గుర్తు రాలేదు.

సోమవారం ఉల్టా పంపూ, దానికి తగ్గ ఫ్యానూ వాళ్ళ షెడ్డుకి తీసుకెళ్ళాను. ఆర్డిత్ ముందు సీట్లో కూర్చుని ఉంది, కళ్ళజోడు పెట్టుకుని, చేతిలో కాగితంతో.

"ఒకటి. రేడియేటరు ఖాళీ చేయుము."

"చేశాను."

"చేసినా చదువుతాను. విను."

వెర్లిన్ బానెట్ కిందనుంచి తల బయటపెట్టి నన్ను చూశాడు.

"షెడ్డు తలుపు దగ్గరగా వేసి వెళ్ళరా, అబ్బాయ్. ఎవరైనా చూస్తారు."